నూకవరం హాల్ట్ పట్టాముక్క

నూకవరం అనే ఊరు ఇప్పుడు ఎక్కడా లేదు. ఫ్యాక్టరీకి భూములు పోయినప్పుడు ఇళ్ళతో పాటు పేరు కూడా పోయింది. ఊరివాళ్ళని లారీల్లో తెచ్చి, దువ్వాడకి ఇవతల రైలు లైను పక్కన మెట్టభూమిలో దింపి, బ్లాకులు బ్లాకులుగా గీతలు గీసి, మొత్తానికి పునరావాసాన్ని ఇంగ్లీషులో పొట్టిచేసి ఆర్.హెచ్. కాలనీ అన్నారు. రేషన్ కార్డులో అదే పేరు, ఆధార్లో అదే పేరు. ఇప్పటి పిల్లలు పెళ్ళి కార్డుల్లో కూడా అదే వేయించుకుంటున్నారు. నూకవరం అన్న మాట మిగిలింది ఒక్కచోటే, పట్టాల పక్కన పసుపు రంగు బోర్డు మీద. మూడు భాషల్లో రాసిన ఆ పేరులో కూడా తెలుగు అక్షరాలే ముందు వెలిసిపోయాయి.

ఆ బోర్డు తెప్పించింది దాలయ్య అంటారు. దాలయ్య ఒక్కడే తెప్పించలేదు. కాలనీకి కాలనీయే వెళ్ళి పట్టాల మీద కూర్చుంది. కాకపోతే ఎండెక్కాక అందరూ లేచి ఇళ్ళకి పోయారు, దాలయ్య లేవలేదు. అంతే తేడా. హాల్ట్ ఇచ్చినప్పుడు ఏజెంటు పని కూడా ఆయనకే ఇచ్చారు.

హాల్ట్ అంటే స్టేషను కాదు. స్టేషనుకి మాస్టరుంటాడు, మాస్టరుకి జీతం ఉంటుంది. హాల్ట్‌కి ఏజెంటుంటాడు. ఏజెంటు దువ్వాడ వెళ్ళి తన డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకుని, రేకుల గదిలో కిటికీ వెనక కూర్చుని అమ్ముకోవాలి. తెగిన టికెట్ మీద నాలుగు రాళ్ళు కమీషను. తెగకపోతే కిటికీలోంచి గాలి పీల్చుకోవాలి.

దాలయ్య గడియారం పెట్టుకునేవాడు కాదు. కాలనీలో గడియారాలు చూసుకుని బతికే జనమూ లేరు. ఆయన ఎక్కడో పడి ఉన్న మూరెడు రైలు పట్టాముక్క తెచ్చి గది ముందు దూలానికి ఇనపతీగతో వేలాడదీశాడు. అనకాపల్లి వైపు సిగ్నల్ చెయ్యి వాలగానే మేకుతో కొట్టేవాడు. ఖణేల్మని ఆ మోత చివరి బ్లాకు దాటి తాటితోపు దాకా వినిపించేది. అది వినపడ్డాక ఎవరి పని వాళ్ళు ఎక్కడిదక్కడ వదిలేసి హాల్ట్‌కి వెళ్ళే గట్టు పట్టేవాళ్ళు. గంపలు, టిఫిను క్యారేజీలు, కాలేజీ పుస్తకాలు అన్నీ ఒకే వరసలో. ఇంకా ఎవరైనా ఆడమనిషి నెత్తిన గంపతో గట్టు మీద పరిగెడుతూ కనిపిస్తే, దాలయ్య భుజం మీది ఎర్రతుండు తీసి పైకెత్తేవాడు. గార్డు చూసి, నవ్వి, పచ్చజెండా చంకలో పెట్టుకునేవాడు. అదేం రూలని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళెవరూ ఆ బండి ఎక్కేవాళ్ళు కారు.

దాలయ్య పోయినప్పుడు ఆ తుండుని ఆయన మీదే కప్పి కాష్ఠానికి పంపారు. కిటికీ వెనక ఆయన కొడుకు వరహాలు కూర్చున్నాడు.

వరహాలు తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి తండ్రి పక్కన కూర్చున్నవాడు. తండ్రి పోయాక కిటికీ అతనిదే అయింది. టికెట్లు కొట్టాడు, పట్టాముక్క కొట్టాడు. కరోనా వచ్చి బళ్ళన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు ప్యాసింజరు పేరు మారింది, టికెట్టు ధర మారింది, నూకవరంలో ఆగడం మానేసింది. కొన్నాళ్ళకి ఒకాయన వచ్చి గది తలుపుకి కాగితం అంటించి పోయాడు. కాగితం ఆ ఏడు వానలకి ఊడిపోయింది గానీ హాల్ట్ మాత్రం తెరుచుకోలేదు. ఫ్యాను పోయింది, వైర్లు పోయాయి, సిమెంటు బల్ల పలక కూడా ఎవరో పీక్కుపోయారు. పట్టాముక్కని కూడా ఇనపసామాన్లవాళ్ళు పట్టుకుపోతారని కాలనీ పెద్దలు ముందే విప్పేసి నూకాలమ్మ గుడిలో వేలాడదీశారు.

వరహాలు ఆటో కొన్నాడు.

ఆటో పని మొదట్లో అతనికి చేతకాలేదు. సవారీ కోసం కేకలు వెయ్యడానికి నోరు రాలేదు. కిటికీ వెనక కూర్చుంటే జనమే వంగి అడిగేవాళ్ళు మరి. అందుకని కేకలు మాని హారను పట్టుకున్నాడు. వీధి మొదట్లో మూడు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత. అది వినగానే జనం తలుపులు తీసుకుని వచ్చేవాళ్ళు. రానివాళ్ళ గుమ్మం ముందు ఆగేవాడు. చెప్పు తొడుక్కునేదాకా ఆగేవాడు, జడ వేసుకునేదాకా ఆగేవాడు. కూర్మన్నపాలెం, గాజువాక, ఎక్కడంటే అక్కడ. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆర్.హెచ్. కాలనీలో గట్టు మీద నడిచి ఎక్కడికైనా వెళ్ళిన మనిషి లేడు. గట్టు మీద తుమ్మచెట్లు మొలిచాయి.

నాలుగేళ్ళలో అతని నడుము మాత్రం పోయింది. హైవే దుమ్ముకి దగ్గు పట్టుకుంది. ట్రాఫిక్ పోలీసు కుర్రాళ్ళు, కొడుకు వయసువాళ్ళు, "ఏయ్ ఆటో" అని పిలుస్తారు. కిటికీ వెనక ఉన్నన్నాళ్ళూ అతన్ని కాలనీ మొత్తం టేసన్ మాస్టారనే పిలిచింది. అబద్ధమే. అయినా చెవికి అలవాటైపోయింది.

అలాంటి రోజుల్లో శివరామకృష్ణ వచ్చి చెప్పాడు. శివరామకృష్ణ కాలనీకి నాయకుడు. ఆ మధ్య పట్టాలకి అవతల లేఅవుటు వేసి, దాని గేటు మీద ‘రైల్వే స్టేషన్ పక్కనే’ అని రాయించాడు. స్టేషను మూసేసి ఉందని కొన్నవాళ్ళు నిలదీసేసరికి, పై ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టాడు.

"బావా, ఒప్పుకున్నారు! ఒక్క వారం ఆపుతారు పొద్దున్న బండిని. జనం ఎక్కితే హాల్టు మళ్ళీ తెరుత్తారు. కిటికీ నీదే."

"ఎక్కకపోతే?" అన్నాడు వరహాలు.

"నీ నోట్లో మంచిమాటే రాదేట్రా? ఇంతమందున్నాం, ఎక్కకేటి?"

ఎక్కకపోతే ఏమవుతుందో దేవీప్రసాద్ చెప్పాడు. ఆయన ఆ వారం జనాన్ని చూసి రాసుకోవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు. మద్దిలపాలెంలో ఉంటాడట, పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద వచ్చేవాడు. మర్యాదస్తుడు. మర్యాదస్తుడు చెప్పే చెడ్డకబురు రెండింతలు చెడ్డగా ఉంటుంది.

"వరహాలు గారూ, రోజూ ఓ బస్సు నిండేపాటి జనమైనా ఎక్కాలండి. లేకపోతే ఈ గది కొట్టేస్తారు. కొత్త లైను ఇటే వస్తుంది. బోర్డు కూడా తీసేస్తారు, ఇంక అడగడానికి కూడా ఉండదు."

"టికెట్లు నాను కొనీస్తాను సార్, కట్టలు కట్టలు," అన్నాడు శివరామకృష్ణ.

"నేను రాసుకునేది టికెట్లు కాదండీ. బండెక్కే తలకాయలు."

వరహాలు గది ఊడ్చాడు. గబ్బిలాలని తోలాడు. తండ్రి కూర్చున్న ముక్కాలిపీట ఇంట్లోంచి తెచ్చి కిటికీ వెనక వేసుకున్నాడు. కూర్చోగానే నడుము నొప్పి కాస్త తగ్గినట్టనిపించింది. చాలా కాలానికి మనసులో ఒక కోరిక కోరుకున్నాడు, ఈ పీట మీదే ముసలివాణ్ణి కావాలని.

మొదటి రోజు మంగళవారం. కాలనీ మొత్తం దిగింది. డప్పులు, అరటిపిలకలు, ఇంజనుకి వెయ్యడానికి బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు ఇంజను మీద చల్లారు. డ్రైవరుకి బొట్టు పెట్టారు. పిల్లలు కిటికీల్లోంచి లోపలికి తొంగిచూశారు. ఫోటోలు తీసుకున్నారు. బండి కూత వేసింది. అందరూ చేతులూపారు. బండి వెళ్ళిపోయింది. ఒక్కడూ ఎక్కలేదు.

"అదేటి బావా, ఎవులూ ఎక్కనేదేటి?" శివరామకృష్ణకి అప్పుడు తట్టింది.

"మంగలారం కొత్తగా పయానం కడతారేట్రా ఎవులైనా?" అంది ఎవరో ముసలమ్మ.

"నువ్వెక్కొచ్చు కదా మరి!" అన్నాడు వరహాలు శివరామకృష్ణతో.

"నాకు కారుంది కదా బావా," అని శివరామకృష్ణ దండలోంచి ఊడిపడ్డ బంతిపువ్వు ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు.

అందరూ అందలం ఎక్కితే మోసేదెవరని సామెత. ఇక్కడ మోసేందుకు రైలొచ్చి నిలబడితే ఎక్కేవాళ్ళు లేరు.

రెండో రోజు కొబ్బరికాయలూ లేవు, జనమూ లేరు. వరహాలు కిటికీలో కూర్చుని గట్టు వైపు చూశాడు. దేవీప్రసాద్ ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిచాడు. వరహాలు ఫోను మోగింది. చేసింది సూర్యకళ, గాజువాకలో చీరల షోరూములో పనిచేసే పిల్ల.

"మావయ్యా, ఎక్కడున్నావు? ఇంకా హారను ఇనపడనేదు?"

"టేసన్లో ఉన్నానమ్మా. నువ్విలగొచ్చీ, బండొస్తాది. దువ్వాడ దిగితే గాజువాకకి బస్సులే బస్సులు."

"గట్టెక్కి నడిసి రావాలా? ఇప్పుడే తలకి పోసుకున్నాను మావయ్యా, తుమ్మముళ్ళు. నువ్ రా, నాను ఆగుతాన్లే."

"నాను రానమ్మా ఈ వారం ఈ యేలప్పుడు."

"బండెల్లిపోయాకే రా, ఏటైపోనాది! మా మేనేజరు తిట్టినా పడతాను."

ఆ ఫోను పెట్టగానే ఇంకొకటి. దాని వెనక మరొకటి. అందరిదీ అదే మాట. నువ్వొచ్చేదాకా ఆగుతాం. నాలుగేళ్ళు వాళ్ళ కోసం ఆగడం నేర్పింది అతనే. ఇప్పుడు వాళ్ళు అతని కోసం ఆగుతున్నారు. బండి వచ్చి, నిమిషం నిలబడి, ఖాళీ తలుపులు చూపించి వెళ్ళిపోయింది. వరహాలు కిటికీ మూసి, ఆటో తీసి, హారను కొట్టుకుంటూ కాలనీలోకి వెళ్ళాడు. ఆటో క్షణంలో నిండిపోయింది.

"ఇయ్యాల లేటు సేసీసావ్ వరాలా," అన్నారు అందరూ. కోపం లేకుండానే అన్నారు.

అన్నం దగ్గర రోజారమణి మొగుడి మొహం చూసింది. రోజారమణి ఏది చూసినా ఊరుకునే మనిషి కాదు.

"ఏటయ్యా, ముద్ద దిగట్లేదేటి? పులుసు బాలేదా, పాసింజరు బాలేదా?"

"ఎవులూ రావట్లేదే. బండి టైము సెప్పాను, మైకులో సెప్పించాను. వినరు."

"ఈలు ఎప్పుడు టైము సూసి ఎల్లారు సెప్పు? మీ అయ్య పట్టాముక్క కొడితే లేచోలు. ఈది కుక్కక్కూడా తెల్సు ఆ మోత. టైమంట, మైకంట!"

వరహాలు ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. అది నిజమే కదా అనిపించింది. తెల్లారగానే నూకాలమ్మ గుడికి వెళ్ళాడు.

గుడిలో దీపం పెట్టేది రామలక్ష్మమ్మ. వరసకి అత్తవుతుంది. ఒకప్పుడు అదే బండిలో ఆనపకాయలు, బెండకాయలు గంపకెత్తుకుని మర్రిపాలెంలో దిగి, కంచరపాలెం మార్కెట్లో అమ్మేది. ఇప్పటికీ అమ్ముతోంది, వరహాలు ఆటో మీద మూటలు కట్టించి. ఎర్రతుండు ఎక్కువసార్లు లేచింది ఆవిడ కోసమే.

పట్టాముక్కకి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి. తండ్రి కొట్టిన చోట పడిన నొక్కు పసుపులోంచి కూడా కనిపిస్తోంది.

"అత్తా, ఇది నాలుగ్రోజులు ఇయ్యి. మళ్ళీ తెచ్చి కడతాను."

"ఓలమ్మా! అమ్మోరికిచ్చింది ఎనక్కి అడుగుతావేట్రా? కళ్ళు పోతాయి."

"మా అయ్యదే కదే అది."

"మీ అయ్యదే. మీ అయ్య పోనాడు, ఇది అమ్మోరిదైపోనాది. ఇంక మాటాడకు."

"పోనీ ఇప్పొద్దు. ఇక్కడే కొడతాను. బండొచ్చే ముందర ఒక్కపాలి."

రామలక్ష్మమ్మ అమ్మవారి వైపు చూసింది, అడుగుతున్నట్టు. తరవాత మేకు చేతికిచ్చింది. "కాళ్ళు కడుక్కుని కొట్టు."

వరహాలు కాళ్ళు కడుక్కుని, సిగ్నల్ రంగు మారేదాకా గుడి మెట్టు మీద నిలబడి చూసి, మేకెత్తి కొట్టాడు. ఖణేల్మంది. చెయ్యి జలదరించింది. మోత చివరి బ్లాకు దాటి తాటితోపు దాకా పోయింది, అప్పటిలాగే. తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చారు.

వచ్చారు. కాళ్ళకి చెప్పులు లేకుండా వచ్చారు. చేతుల్లో పళ్ళేలు, కర్పూరం, పసుపునీళ్ళ చెంబులు. నాలుగేళ్ళుగా హారతికే మోగుతున్న ఆ పట్టాముక్క వేళకాని వేళ మోగేసరికి ఎవరింట్లోనో అమ్మవారు పోసిందనుకున్నారు. అందరూ గుడి చుట్టూ మూగారు.

"ఏటైనాదర్రా? ఎవులికి?"

"హారతేటి ఈ యేలప్పుడు?"

"బండొస్తంది, బండి! టేసనుకి పదండి!" వరహాలు అరిచాడు.

"గుళ్ళో అరుత్తావేటి బావా, తప్పు," అని ఎవరో చెంపలు వేసుకున్నారు. ఎలాగూ వచ్చాం కదా అని హారతి ఇమ్మన్నారు. రామలక్ష్మమ్మ ఇచ్చింది. కర్పూరం వెలుగుతుండగా అవతల బండి కూత వినిపించింది, ఆగింది, మళ్ళీ కూసింది.

వరహాలు పరుగున గట్టెక్కి హాల్ట్‌కి వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద దేవీప్రసాద్‌తో పాటు ఇంకొక మనిషి ఉన్నాడు. పట్టాల గ్యాంగులో చేసి రిటైరైన ముసలాయన, ముళ్ళు గీరుకుని కాలి పిక్క మీద నెత్తురు, చేతిలో ఖాళీ సంచి.

"ఈయనొక్కరే వచ్చారండి," అన్నాడు దేవీప్రసాద్. "ఎక్కుతారా అని అడిగాను. ఎక్కడికి బాబూ అని నన్నే అడిగారు."

"మోత ఇన్నాను, కాళ్ళొచ్చీసినాయిరా వరాలా," అన్నాడు ముసలాయన సిగ్గుగా. "నాకెక్కడికెల్లాలుంది గనక."

ఆ తరవాత రోజులు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒకడెవడో దువ్వాడ దాకా సరదాకి ఎక్కాడు. ఒక పిల్లల తల్లి ఎక్కబోయి, పెట్టె మొత్తంలో ఎవరూ లేరని భయపడి వెనక్కొచ్చేసింది. దేవీప్రసాద్ బల్ల పలక లేని సిమెంటు దిమ్మ మీద కూర్చుని, తల వంచుకుని రాసుకునేవాడు. రాయడానికేముందో వరహాలుకి అర్థమయ్యేది కాదు.

ఆఖరి రోజు ముందు సాయంత్రం దేవీప్రసాదే నోరు తెరిచాడు. "రేపు ఒక్కరోజైనా జనం కనిపిస్తే, నేను ఇంకో వారం ఆపమని రాయగలనండి. ఏమీ లేకుండా నేనేం రాయను?"

వరహాలు ఇంటికెళ్ళి గుమ్మంలో ఉన్న ఆటో వంక చూస్తూ నిలబడ్డాడు. పట్టాముక్క మోత గుడిదైపోయింది. జనానికి తెలిసిన మోత ఇంకొక్కటే మిగిలింది.

"రేపు కిటికీలో నువ్ కూకో," అన్నాడు పెళ్ళాంతో. "నాను ఆటో ఏసుకుని అందర్నీ టేసనుకి తోలుకొస్తాను."

"నాకు టికెట్లు కొట్టడం రాదు."

"సార్ సూపిత్తాడు."

"మీ అయ్యా నువ్వూ ఇన్నేళ్ళు కూకున్నది ఈ మాత్రం పనికేనా?" అంది రోజారమణి. అన్నదే గానీ పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, తలలో చామంతి పెట్టుకుని కిటికీ వెనక కూర్చుంది.

వరహాలు బండి వేళకి చాలా ముందే బయలుదేరాడు. వీధి మొదట్లో మూడు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత. తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి పళ్ళేలు లేవు, సంచులున్నాయి. రామలక్ష్మమ్మ మూటలు మీదకెక్కించి తాడేసి కట్టాడు. సూర్యకళ చెవుల్లో వైర్లు పెట్టుకుని మూలకి సర్దుకుంది. కాంట్రాక్టు పనికి వెళ్ళే కుర్రాళ్ళు వెనక వేలాడారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. అతను ఎక్కినవాళ్ళందరికీ చెప్పాడు.

"ఇయ్యాల టేసన్ దాకే. అక్కడ దిగి బండెక్కాలి. ఇయ్యాలొక్కరోజు. మా అయ్య మీద ఒట్టు, డబ్బులు కూడా ఒద్దు."

"అలగేలే బావా," అన్నారు అందరూ. అలాగేలే అంటే ఆ కాలనీలో ఏమిటో వరహాలుకి తెలియనిది కాదు. అయినా సంతోషించాడు.

గట్టు కింది దారమ్మట తోలుకుంటూ వచ్చి హాల్ట్ గేటు ముందు ఆపాడు. బండి అప్పుడే మలుపు తిరుగుతోంది. కిటికీలోంచి రోజారమణి మొహం, పక్కన నిలబడి దేవీప్రసాద్. ఆయన ఆటో నిండా మనుషుల్ని చూసి చేతిలో కాగితం సర్దుకున్నాడు. బండి వచ్చి ఆగింది. తలుపు సరిగ్గా గేటుకి ఎదురుగా. ఇంత చక్కగా దాలయ్య రోజుల్లో కూడా ఎప్పుడూ ఆగలేదు.

"దిగండి! దిగండర్రా, బేగి!"

ఎవరూ కదల్లేదు.

"ఎక్కీసినం కదా మావయ్యా," అంది సూర్యకళ, ఒక చెవిలో వైరు తీసి. "మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి, దువ్వాడలో మళ్ళీ దిగి... గాజువాక పోనీయకూడదా?"

"మూటలు కట్టీసావు కదరా పైన!" ఎవరో గుర్తుచేశారు.

"నిమిసమే ఆగుతాదంట, ఇంతమందిమి ఎలగెక్కుతాం? పడిపోతే?" అన్నారు వెనక వేలాడుతున్న కుర్రాళ్ళు. హైవే మీద రోజూ ఆటో కడ్డీ పట్టుకుని ఒంటికాలి మీద వెళ్ళేవాళ్ళు వాళ్ళు.

"మీకు దణ్ణం పెడతాను, దిగండర్రా!" అన్నాడు వరహాలు. నిజంగానే దణ్ణం పెట్టాడు. ఆటోలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరైనా ముందు దిగితే తామూ దిగుదామన్నట్టే ఉన్నారు అందరూ.

"నాను దిగుతాన్రా," అంది రామలక్ష్మమ్మ. "దాలన్న తుండెత్తి ఎన్నిపాల్లు ఆపాడో నాకోసం. జరగండే."

జరిగారు. ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక కాలు బయటపెట్టింది. ఆ కాలు నేలకి ఆనడానికి వెతుక్కుంటోంది. మోకాలు వంగదు. రెండో కాలు ఎవరిదో సంచి కింద ఇరుక్కుంది. బండి కూత వేసింది.

వరహాలు చెయ్యి భుజం మీదకి పోయింది. అక్కడ తుండు లేదు. ఖాళీ చేతినే పైకెత్తాడు. గార్డు పెట్టెలో నిలబడిన కుర్రాడు చూశాడు. రోజూ కిటికీలో కనిపించే మనిషే కదా అనుకున్నాడో ఏమో, నవ్వి, తనూ చెయ్యి ఊపాడు. బండి కదిలింది. ఖాళీ పెట్టెలు ఒక్కొక్కటీ గేటు ముందునుంచి వెళ్ళాయి. ఆఖరి పెట్టె వెళ్ళాక అవతల శివరామకృష్ణ లేఅవుటు గేటు కనిపించింది.

"ఎల్లిపోనాదా?" అంది రామలక్ష్మమ్మ, ఒక కాలు ఇంకా గాలిలోనే ఉంచి. "సర్లే, ఏటి సేత్తాం. ఎక్కించురా."

వరహాలు ఆవిడ కాలు పట్టుకుని లోపల పెట్టాడు.

దేవీప్రసాద్ కాగితం మీద సంతకం చేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రోజారమణి కిటికీ మూసింది, గదికి తాళం వేసింది, ముక్కాలిపీట చంకన పెట్టుకుని వచ్చింది.

"తాళం నాకిచ్చెయ్యండమ్మా," అన్నాడు దేవీప్రసాద్. "గది ఇంక మాది."

రోజారమణి ఆయన్ని చూసింది, గదిని చూసింది. వెనక్కి వెళ్ళి తాళం తీసి, కప్పతో సహా తెచ్చి కొంగున ముడేసుకుంది. "గది మీదే బాబూ. తాళం మా మావగోరు సంతలో కొన్నాడు. మా కోళ్ళగూటికి తాళం నేదు."

దేవీప్రసాద్ పట్టాల వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "వరహాలు గారూ, ఇవాళ రైల్లోనే వెళ్ళిపోదామని మోటార్‌సైకిల్ తేలేదండి. చూస్తూ ఉండిపోయాను. కూర్మన్నపాలెం దాకా..."

ఆటోలో ఎవరో కిసుక్కుమన్నారు.

"రండి సార్," అన్నాడు వరహాలు. తన సీటులో సగం జరిగి చోటిచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఒక తొడ సీటు మీద, ఒక తొడ గాలిలో పెట్టి కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర సంచి, భుజానికి ఎవరిదో మోచెయ్యి. రోజారమణి ముక్కాలిపీట ఎత్తి నెత్తిన పెట్టుకుని, తుమ్మచెట్ల మధ్యనుంచి గట్టు మీద నడుచుకుంటూ ఇంటికి బయలుదేరింది. ఆ రోజు మొత్తం మీద గట్టు మీద తిన్నగా నడిచి వెళ్ళిన మనిషి ఆవిడే.

వరహాలు ఆటో తిప్పాడు. నడుములో నొప్పి మళ్ళీ వచ్చి దాని చోట అది కూర్చుంది.

"సర్దుకోండి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "మలుపులో ఇంకో మనిషున్నాడు."